ఫ్రిజ్ మీద డబ్బా, బియ్యం డ్రమ్ములో సీసా

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అమ్మ బీపీ గోలీలు, చిన్నమ్మ షుగర్ గోలీలు, నా థైరాయిడ్ మాత్రలు అన్నీ అందులోనే. ఇంటికి వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగుతూ ఆ డబ్బా చూసి, ఎవరికి ఎంత పవర్ ఇచ్చారో, పొద్దున పరగడుపున ఎంత వచ్చిందో మాట్లాడుకుంటారు. "నాకు నిన్న రెండొందల పది వచ్చింది వదినా" అని చెప్పుకోవడానికి మా వాడలో ఎవరికీ సిగ్గు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. చిన్నమ్మ వేసుకునే ఇంకో గోలీ మాత్రం ఆ డబ్బాలో ఉండదు. దాని సీసా బియ్యం డ్రమ్ములో, చెయ్యి మోచేతి దాకా పెడితే తప్ప అందని లోతులో, రెండు క్యారీబ్యాగుల్లో చుట్టి ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి అందరూ సీరియల్ చూస్తుంటే, రేపటికి బియ్యం తీస్తున్నట్టుగా లోపలికి వెళ్లి వేసుకుని వస్తుంది.

చిన్నమ్మకు హెచ్‌ఐవీ ఉంది. 2019 నుంచి షుగర్ కూడా ఉంది. ఒకే మనిషి, ఒకే ఒళ్లు, ఒకే రక్తం. కానీ ఒక జబ్బు ఫ్రిజ్ మీద, ఇంకో జబ్బు బియ్యం కింద. ఒకదాని డాక్టరుకు ఇంకోదాని సంగతి తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల మా చిన్నమ్మ చావుదాకా వెళ్లి వచ్చింది. ఇదంతా రాయడానికి ఆమె ఒప్పుకుంది. "పేరు రాయకు, ఊరు రాయకు. మిగతాది రాయి బిడ్డా, ఎవలకన్న అక్కరకొస్తది" అంది. అందుకే రాస్తున్నాను. పరకాల వైపు ఊరు అని మాత్రం చెప్తాను, అంతకంటే చెప్పను.

చిన్నాన్న లారీ డ్రైవరు. నాగపూర్, విజయవాడ మధ్య తిరిగేవాడు. 2004లో పోయాడు. ఏం జబ్బో మాకు ఎవరూ సరిగా చెప్పలేదు, జ్వరం అన్నారు, టీబీ అన్నారు, ఆఖరికి "చేతబడి" అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాతి ఏడాది చిన్నమ్మకు పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. అత్తగారింట్లో కంచం వేరు చేశారు, తర్వాత మంచం వేరు చేశారు, ఆ తర్వాత తల్లిగారింటికి పంపించారు. ఇది మీరు ఎన్నోచోట్ల విన్న కథే, కాబట్టి దీని మీద ఎక్కువ రాయను.

మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. చిన్నమ్మకు అవి అందింది 2007లో, అప్పటికి ఆమె బరువు 34 కిలోలు. నాకు బాగా గుర్తు, నేను ఇంటర్ చదువుతున్నాను, ఆమెను ఆటో ఎక్కించడానికి నేనొక్కదాన్నే ఎత్తుకోగలిగాను. అప్పుడు ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ అని ఒకటి ఉండేది. అది ప్రాణం నిలబెట్టింది, దానితోపాటే బుగ్గల్లో కొవ్వు కరిగించి ముఖాన్ని పీక్కుపోయేట్టు చేసింది, అరికాళ్లలో మంటలు తెచ్చింది. ఆ తర్వాత దాన్ని మొత్తంగా ఆపేశారు. కానీ చిన్నమ్మ బుగ్గలు మళ్లీ నిండలేదు. కాళ్ల మంటలూ పూర్తిగా పోలేదు. ఆ మంటల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆ రోజుల్లో ఏఆర్‌టీ సెంటర్‌కు పోతే ముందు చూసేది బరువే. కిలో పెరిగితే నర్సు నవ్వేది, కౌన్సెలర్ నవ్వేది, లైన్లో పక్కనున్న వాళ్లు కూడా సంతోషపడేవాళ్లు. "మంచిగ తినమ్మా, గుడ్డు తిను, పల్లిపట్టీలు తిను" అని ప్రతి నెలా చెప్పేవాళ్లు. బరువు అంటే బతుకు. చిన్నమ్మ సమ్మక్క సారలమ్మకు మొక్కుకుంది, నేను నిలబడితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారం అంటే బెల్లమే, తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. తక్కెట్లో ఒకవైపు మనిషి కూర్చుంటే ఇంకోవైపు అంత ఎత్తు బెల్లం పెట్టి తూచి, అది తల్లులకు ఇస్తారు. 2010 జాతరకు చిన్నమ్మ 49 కిలోలు తూగింది. 49 కిలోల బెల్లం. తాతయ్య అప్పు చేసి కొన్నాడు. తక్కెట్లో కూర్చున్న చిన్నమ్మ ముఖం నేను చూశాను. తన ఒళ్లు ఇంత బరువు ఉందని లోకానికి చూపించుకుంటున్న మనిషి ముఖం అది. జాతరలో ఆ జనం మధ్య ఎవరికీ ఆమె జబ్బు తెలియదు, కానీ ఆమెకు మాత్రం ఊరంతా చూస్తున్నట్టే ఉంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, షుగర్ వచ్చాక డాక్టర్లు చెప్పిన మొదటి మాట "బరువు తగ్గాలి, తిండి తగ్గించాలి, బెల్లం ముట్టొద్దు" అని. ఆ మాట మామూలు మనిషికి ఒక సలహా. చిన్నమ్మకు అది మళ్లీ 2007కి వెళ్లమన్నట్టు వినబడింది. సన్నబడితే వాడ చూస్తుంది, "ఏమైంది గట్ల తయారైనవ్" అని అడుగుతుంది, ఆ అడగడం వెనుక ఉన్న ప్రశ్న ఆమెకు తెలుసు. షుగర్ డాక్టరుకు ఇది తెలియదు. ఆయన తప్పు కాదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

2019లో షుగర్ బయటపడ్డ తీరు కూడా ఇలాంటిదే. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ఎంత నీళ్లు తాగినా దాహం. ఇవన్నీ షుగర్ లక్షణాలని వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, కానీ చిన్నమ్మకు ఆ ఆలోచనే రాలేదు. గోలీలు పనిచెయ్యడం మానేశాయి, ఆ జబ్బు తిరగబెట్టింది అనుకుంది. మాకు చెప్పకుండా రెండు నెలలు లోపల్లోపలే కుమిలిపోయింది, తన చెవికమ్మలు ఎవరికివ్వాలో కూడా అమ్మకు చెప్పిందట. ఆఖరికి నేను బలవంతంగా తీసుకెళ్తే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూశారు, వైరస్ కనబడని స్థాయిలోనే ఉంది. మరి ఎందుకు తగ్గుతోంది అని వేలిమీద సూది గుచ్చి చూస్తే 340.

"షుగరేనా!" అని చిన్నమ్మ నవ్వింది. నిజంగా నవ్వింది. నేనూ నవ్వాను. బస్టాండులో ఇద్దరం చాయ్ తాగి, అందులో చక్కెర కూడా వేయించుకుని ఇంటికి వచ్చాం. ఆ రోజు మా ఇంట్లో పండగలా ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మేము చేసిన అన్ని తప్పులకూ మూలం ఆ నవ్వే అనిపిస్తుంది. హెచ్‌ఐవీ ముందు షుగర్ మాకు జబ్బులాగే కనిపించలేదు. అందరికీ ఉంటుంది, పక్కింటామెకు ఉంది, గోలీ వేసుకుంటే అయిపోతుంది అనుకున్నాం.

కానీ లెక్క చూడండి. హెచ్‌ఐవీకి చిన్నమ్మ రోజుకు ఒక్క గోలీ వేసుకుంటుంది, ఏడాదికొకసారి వైరల్ లోడ్ చూస్తారు, ఒక నెల పోకపోతే ఫోన్ చేసి అడుగుతారు, మందు ఉచితం, కౌన్సెలర్‌కు ఆమె పేరు తెలుసు. ఆ జబ్బు ఆమె ఒంట్లో దాదాపు నిద్రపోతోంది. వైరస్ కనబడని స్థాయిలో ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదని కూడా ఇప్పుడు స్పష్టంగా తేలిన విషయమే. షుగర్ మాత్రం కళ్లను, మూత్రపిండాలను, కాళ్లను, గుండెను రోజూ కొంచెం కొంచెం తింటోంది, దానికి ఏ రిజిస్టరూ లేదు, ఎవరూ ఫోన్ చెయ్యరు. మనం భయపడే జబ్బుకు ఏర్పాటు ఉంది. భయపడని జబ్బుకు మనిషిని వదిలేశాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2021లో చిన్నమ్మ మందు మార్చారు. టీఎల్‌డీ అంటారు దాన్ని, టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే గోలీ. మంచి మందు. పాత మందులంత ఇబ్బంది పెట్టదు, వైరస్‌ను త్వరగా అణుస్తుంది. కొందరిలో బరువు పెరుగుతుంది. చిన్నమ్మ పెరిగింది, సంతోషపడింది. దాంతోపాటు షుగర్ కూడా పెరిగింది. అప్పుడు ఒక ప్రైవేటు షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లాం, పేరు అవసరం లేదు, ఆయన మంచిగానే చూశాడు. "ఇంకేమన్నా మందులు వాడుతున్నవా అమ్మా" అని అడిగాడు. చిన్నమ్మ నా వైపు చూసింది. నేను టేబుల్ వైపు చూశాను. "లేదు సార్" అంది. వెనుక బెంచీ మీద మా వాడ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఆ గదికి తలుపు ఉంది గానీ వెయ్యరు.

ఆయన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ పొద్దున వెయ్యి మిల్లీగ్రాములు, రాత్రి వెయ్యి మిల్లీగ్రాములు రాశాడు, దానితో షుగర్‌ను ఇంకా దించే గ్లిమెపిరైడ్ కూడా. ఇంకే మందులూ వాడని మనిషికైతే ఆ మోతాదు తప్పేమీ కాదు. కానీ డొలుటెగ్రావిర్ మెట్‌ఫార్మిన్‌ను కిడ్నీల ద్వారా బయటికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. రెండూ కలిసి వాడితే రక్తంలో మెట్‌ఫార్మిన్ దాదాపు 79 శాతం ఎక్కువగా చేరుతుందని మందు పరీక్షల్లో తేలింది. అందుకే ఈ గోలీ వాడేవాళ్లకు మెట్‌ఫార్మిన్ రోజు మొత్తం మీద 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలని చెప్తారు. చిన్నమ్మ 2000 వేసుకుంది. వారం తిరగకముందే వాంతులు, విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, అన్నం చూస్తేనే కడుపులో తిప్పడం. నెలన్నరలో నాలుగు కిలోలు పోయింది. దాని మీద గ్లిమెపిరైడ్. ఒకరోజు ఏమీ తినకుండా పత్తి ఏరడానికి తోడబుట్టినవాళ్ల చేనుకు వెళ్లి, గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయింది. షుగర్ 48. పక్కన కూలీకి వచ్చిన ఒక ముసలమ్మ నోట్లో ఇంత చక్కెర పోసింది కాబట్టి మనిషి మిగిలింది.

దీన్ని పట్టుకున్నది డాక్టరు కాదు, ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్. "అక్కా, నువ్వు తినే గోలీల చీటీలన్నీ తీసుకరా" అంది. చీటీ చూడగానే లోపలికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు పొద్దున 500, రాత్రి 500కు తగ్గించి, గ్లిమెపిరైడ్ ఆపేసి వేరే మందు రాసింది. పది రోజుల్లో అన్నం తిన్నది. (ఇది చదివి ఎవరూ సొంతంగా మోతాదు మార్చుకోకండి. మీ రెండు చీటీలూ ఒకే డాక్టరు ముందు పెట్టండి, అంతే.)

నేను ఈ సంగతి ఒక ఫ్రెండుకు చెప్తే, "మరి మీరే చెప్పాల్సింది కదా, డాక్టరు దగ్గర దాస్తారా ఎవరైనా" అంది. ఈ మాట చాలామంది అంటారు. దీనికి జవాబు చెప్పాలనే ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నాను.

చిన్నమ్మ ఒకసారి చెప్పింది. 2018లో పాదానికి పుండు అయింది, నాట్లప్పుడు బురదలో ఏదో గుచ్చుకుంది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కట్టు కట్టే ముందు తనే నిజాయితీగా చెప్పింది, "నాకు ఫలానా ఉంది, జాగ్రత్తగ చెయ్యుండ్రి" అని. కట్టు కట్టే అబ్బాయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి, "సార్ లేడు, వేరే దగ్గరికి పోండి" అన్నాడు. సార్ కారు బయటే ఉంది. తెరిచిన పుండుతో, చెప్పు వేసుకోలేక, ఒక కాలికి పాలిథిన్ కవర్ కట్టుకుని చిన్నమ్మ రోడ్డు మీద నిలబడింది. నిజం చెప్పినందుకు ఆమెకు దక్కింది అది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం ఆ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఆమె విషయం ఇంకొకరికి చెప్పకూడదు, ఫిర్యాదులు విని తేల్చే అధికారిగా ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసినా ఫిర్యాదు చేసేవాళ్లమా అంటే, చేసేవాళ్లం కాదు. ఫిర్యాదు చెయ్యాలంటే మళ్లీ పేరు రాయాలి.

పేరు రాయడం గురించి ఇంకో సంగతి. ఆసరా పింఛను హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇస్తారు, భర్త పోయినవాళ్లకూ ఇస్తారు, రెండింటికీ వచ్చేది ఒకే మొత్తం. చిన్నమ్మ భర్త లేని ఆడమనిషిగానే తీసుకుంటుంది. ఏ కాగితం మీదా ఆ మాట పక్కన తన పేరు ఉండకూడదని ఆమె పట్టుదల. అలాంటి మనిషిని తలుపు వెయ్యని గదిలో, వాడ మనిషి వింటుండగా, "ఇంకేమన్నా మందులు వాడుతున్నవా" అని అడిగితే ఏమని చెప్పాలి? దాచింది ఆమె తప్పు కాదు. చెప్పినా ఏమీ కాదన్న నమ్మకం ఆమెకు మనం ఇవ్వలేదు. ఇందులో నేనూ ఉన్నాను, ఆ రోజు నేను టేబుల్ వైపు చూశాను.

కాబట్టి నా వాదన ఇది. చిన్నమ్మలాంటి వాళ్లను "చెప్పండి, దాచకండి" అని ఒత్తిడి చెయ్యడం కంటే, ఆమె జబ్బు ముందే తెలిసిన చోటుకే షుగర్ వైద్యం రావాలి. ఏఆర్‌టీ సెంటర్‌లో ఎలాగూ ఆమె ఎవరో తెలుసు, అక్కడ దాచేదేమీ లేదు. అక్కడే వేలి మీద సూది గుచ్చి చూడాలి, అక్కడే షుగర్ గోలీలు, బీపీ గోలీలు అదే సంచీలో వేసి ఇవ్వాలి. ఇది నా సొంత కల్పన కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాల్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు షుగర్, బీపీ లాంటివి చూడాలని ఉంది. చూడమని ఉంది సరే, చూశాక మందు కోసం ఇంకో దవాఖానకు పంపితే మళ్లీ కొత్త లైను, కొత్త చీటీ, కొత్త మనిషి, అదే ప్రశ్న. పల్లె దవాఖానలో షుగర్ మందు ఉచితమే, కానీ అక్కడ చీటీ రాసేవాళ్లు, బీపీ చూసేవాళ్లు అంతా ఊరివాళ్లో ఊరివాళ్ల చుట్టాలో.

సిబ్బంది సరిపోరు అంటారు. నిజమే, ఒక్కో కౌన్సెలర్ ఎంతమందిని చూస్తుందో నేను కళ్లారా చూశాను, వాళ్లమీద ఇంకో బరువు పెట్టమనడానికి నాకూ మనసు రాదు. ఇంకో మనిషిని వెయ్యమనే అడుగుతున్నాను. టీబీ వాళ్ల దగ్గర ఇది జరుగుతూనే ఉంది కదా. టీబీ ఉందని తేలితే హెచ్‌ఐవీ చూస్తారు, షుగర్ కూడా చూస్తారు, ఎందుకంటే ఆ రెండూ టీబీని పెంచుతాయి. షుగర్ ఉంటే టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు, హెచ్‌ఐవీ ఉంటే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకచోట మూడు జబ్బులను కలిపి చూడగలిగినవాళ్లు ఇంకోచోట రెండింటిని కలిపి చూడలేరా?

ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం, మాకు దెబ్బలు తగిలాక తెలిసిన కొన్ని సంగతులు రాస్తాను, వరసగా కాదు, గుర్తొచ్చినట్టు.

మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మొద్దు. చిన్నమ్మ 2021 దాకా జిడోవుడిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు ఉన్న గోలీ వాడింది. ఆ మందు ఎర్ర రక్తకణాల మీద పనిచేస్తుంది కాబట్టి ఆ పరీక్షలో షుగర్ ఉన్నదానికంటే తక్కువ కనిపించవచ్చు. మాకు అదే జరిగింది. పరీక్షలో 6.4 వచ్చేది, మంచిగుంది అనుకునేవాళ్లం, పరగడుపున చూస్తే మాత్రం 170, 180. రెండేళ్లు అలా మోసపోయాం.

కీళ్ల నొప్పులకు కాల్షియం గోలీలు, రక్తానికి ఐరన్ గోలీలు, గ్యాస్‌కు సిరప్ మన ఇళ్లలో మాములే, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఇవి డొలుటెగ్రావిర్‌ను ఒంట్లోకి సరిగా ఎక్కనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత ఇవి గానీ, లేదా ఇవి వేసుకున్నాక ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ గానీ వేసుకోవాలి. చిన్నమ్మ రాత్రి తొమ్మిదికి టీఎల్‌డీ, పొద్దున సద్ది తిన్నాక కాల్షియం. అలా కుదుర్చుకున్నాం.

కాళ్ల మంటలు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. చిన్నమ్మకు పాత స్టావుడిన్ వల్ల వచ్చిన మంటలు ఉన్నాయి, షుగర్ వల్ల వచ్చేవి ఉన్నాయి, మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గుతుంది, దానివల్లా వస్తాయి. "అది పాతదే" అని వదిలేస్తే కొత్తది కనబడదు. బీ12 చూపించాక, సూదులు వేయించాక చిన్నమ్మకు సగం మంట తగ్గింది. ఇప్పుడు నాట్లకు వెళ్లనివ్వడం లేదు, వెళ్తే గమ్‌బూట్లు వేసుకోవాల్సిందే. రోజూ పడుకునే ముందు నేను ఆమె అరికాళ్లు టార్చి వేసి చూస్తాను. మొదట్లో ఒప్పుకోలేదు, చిన్నదానివి, నా కాళ్లు పట్టుకుంటావా అని వెనక్కి లాక్కునేది. ఇప్పుడు తనే చాపుతుంది.

కిడ్నీ. టెనోఫోవిర్ కిడ్నీని దెబ్బతీయవచ్చు, షుగరూ కిడ్నీనే తింటుంది. రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ రెండూ చూపించాలి. అయితే డొలుటెగ్రావిర్ వల్ల కిడ్నీకి ఏమీ కాకపోయినా క్రియాటినిన్ కొద్దిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి తెలియని ఒక ల్యాబులో "కిడ్నీ పాడైంది" అని చెప్తే ఇంటిల్లిపాదికీ రెండు రాత్రులు నిద్ర లేదు. అంత టెన్షన్ పడి ఏఆర్‌టీ డాక్టరుకు చూపిస్తే నిమిషంలో తేలిపోయింది.

ఇక సూది సంగతి. మా వాడలో ఎవరింట్లోనైనా షుగర్ చూసే మెషిన్ ఉంటే పొద్దున్నే పదిమంది వస్తారు. ఇది మంచి అలవాటే, మెషిన్ కొనలేనివాళ్లు ఉంటారు. చిన్నమ్మకు నేను మెషిన్ కొనిచ్చిన మూడో రోజే పక్కింటి ఆమె వేలు చాపుకుంటూ వచ్చింది, అదే సూది పెన్నుతో గుచ్చమని. చిన్నమ్మ వణికిపోయింది. స్ట్రిప్పులు అయిపోయాయని చెప్పింది. మర్నాడు కూడా అదే చెప్పింది. వారం తర్వాత మెషిన్ దాచేసి షుగర్ చూసుకోవడమే మానేసింది. తన రక్తం ఇంకొకరికి తగలకూడదన్న భయం, ఆ భయం ఎవరికీ చెప్పుకోలేని బాధ, రెండూ కలిసి ఆమెను తన జబ్బు తను చూసుకోకుండా చేశాయి. నేను ఒక ఆదివారం అరుగు మీద ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను, ఎవరి సూది వాళ్లదే, ఎవరి మెషిన్ వాళ్లదే, ఎందుకంటే హెపటైటిస్ బీ అనే కామెర్ల వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం దాకా బతుకుతుంది, అది మనలో ఎవరికి ఉందో మనకే తెలియదు అని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చిన్నమ్మ పేరు రాలేదు. మెషిన్ ఎవరిది వాళ్లు కొనలేక, నలుగురు కలిసి చందా వేసుకుని ఇంకోటి కొన్నారు, సూదులు ఎవరివి వాళ్లు తెచ్చుకుంటున్నారు.

తిండి విషయంలో నేను గెలవలేదు. సద్దుల బతుకమ్మనాడు సత్తుపిండి తినొద్దని ఎలా చెప్పను? మలీద ముద్ద చేతిలో పెడితే ఎలా వద్దంటుంది? వద్దంటే ఎందుకని అడుగుతారు, షుగర్ అని చెప్తే చాలు నిజానికి, కానీ ఒక జబ్బు పేరు చెప్తే రెండోది కూడా అడుగుతారేమోనని ఆమెకు భయం. అందుకే ముద్ద తీసుకుంటుంది, సగం కొంగులో కట్టుకుని వస్తుంది. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె అలవాటు చేశాను, దానికి ఒప్పుకుంది, చిన్నప్పుడు తిన్నదే కదా. బరువు మాట మాత్రం ఎత్తను. ఇప్పుడు 58 కిలోలు ఉంది. డాక్టరు నాలుగు కిలోలు తగ్గమన్నది. ఆ మాట చిన్నమ్మకు ఎలా చెప్పాలా అని ఆరు నెలలుగా ఆలోచిస్తున్నాను.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. చిన్నమ్మకు ముసలితనం వస్తుందని మాలో ఎవరం అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. 2007లో అందరం లెక్కపెట్టుకున్నది నెలలు. అందుకే ఆమె పేరు మీద ఇల్లు లేదు, పొదుపు లేదు, "నేనెన్నాళ్లు ఉంటనని" అంటూ పళ్లకు కూడా చూపించుకోలేదు. ఇప్పుడు 47 ఏళ్లు దాటాయి, ఇంకో ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఆ బతుకు ఎలా ఉండాలన్న ఆలోచన ఎవరి దగ్గరా లేదు, ఇంటి దగ్గర లేదు, దవాఖానలో లేదు. చావకుండా చూడటం దగ్గరే మన ఆలోచన ఆగిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది. ఆనాడు గోలీలు మొదలుపెట్టి నిలబడిన మనుషులు ఇప్పుడు యాభైలకు, అరవైలకు వస్తున్నారు. ఆ వయసులో మనందరికీ వచ్చే షుగర్, బీపీ, గుండెనొప్పి వాళ్లకూ వస్తాయి, ఇంకొంచెం ముందే వస్తాయి.

ఒక చిన్న చీటీ రాసి చిన్నమ్మ పర్సులో పెట్టాను. టీఎల్‌డీ అనే మూడక్షరాలు, పక్కన "మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 దాటొద్దు" అని. హెచ్‌ఐవీ అన్న మాట అందులో లేదు. తెలిసిన డాక్టరుకు ఆ మూడక్షరాలు చాలు, పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. మొన్న పంటినొప్పికి వెళ్లినప్పుడు ఆ డాక్టరమ్మ చీటీ చదివి, మడిచి, చిన్నమ్మ చేతిలోనే పెట్టి, చేతి తొడుగులు వేసుకుని, "నోరు తెరువమ్మా" అన్నదట. ఇంటికి వచ్చి ఈ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

సీసా ఇంకా బియ్యం డ్రమ్ములోనే ఉంది. ఫ్రిజ్ మీదికి తెద్దామని ఒకసారి అన్నాను, "అది ఆడ ఉంటెనే నాకు నిద్ర పడుతది బిడ్డా" అంది. మళ్లీ అడగలేదు. వచ్చే మంగళవారం కళ్లు చూపించాలి. షుగర్ వచ్చి ఆరేళ్లయినా రెటీనా పరీక్ష ఒక్కసారి కూడా చేయించలేదు, అది నా నిర్లక్ష్యం. కంట్లో చుక్కలు వేస్తారు, సాయంత్రం దాకా మసకగా ఉంటుంది, అందుకని బడికి సెలవు పెట్టాను. పొద్దున ఆరున్నర బస్సుకే బయల్దేరాలి, జొన్నరొట్టెలు రాత్రే చేసి పెట్టుకుంటాం.